బీదరు పిన్‌కోడునకు టీకా తాత్పర్యము

మూలము: శశి ఖ వేద శర గజ బాణ సంఖ్యాంకితంబు బీదరు నగరంబు.

అవతారిక: పిన్‌కోడు 1972 ఆగస్టు 15న పుట్టినది. దాని కర్త, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ అధికారి శ్రీరామ్ భికాజీ వేలణకర్, సంస్కృత కవి. కవి చేసిన పనికి ఇన్నాళ్లు వ్యాఖ్య లేకుండుట మన పండితుల బద్ధకమే.

ప్రతిపదార్థము: శశి = చంద్రుడు, ఒకటి; ఖ = ఆకాశము, సున్న; వేద = నాలుగు; శర = మన్మథుని బాణములు, అయిదు; గజ = దిగ్గజములు, ఎనిమిది; బాణ = మరల అయిదు. మన్మథుని అమ్ములపొదిలో ఉన్నవి అయిదే. తక్కిన అయిదు ఎవరివో మూలకారుడు చెప్పలేదు. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చవలెనన్న పూర్వుల ఏర్పాటు చొప్పున 585401 సిద్ధించును.

తాత్పర్యము: బీదరు పిన్‌కోడు 585401 అని భావము.

విశేషములు: మొదటి అంకెయగు అయిదు కర్ణాటకకును మన రెండు రాష్ట్రములకును ఉమ్మడి. 1956లో బీదరు హైదరాబాదు రాష్ట్రమును వీడి మైసూరులో కలిసినను, హైదరాబాదు 500001తో ఈ అంకె చుట్టరికము మిగిలినది. 585 అను శిరస్సు మాత్రము కలబురగితో పంచుకొన్నది. అందు కలబురగిదే ముందు వరుస, 585101. బహమనీ అహ్మద్ షా రాజధానిని అక్కడినుండి బీదరుకు తరలించి అయిదు శతాబ్దములు దాటినను తపాలాశాఖకు ఆ కబురు అందినట్లు లేదు.

శంక: రెండు మొదలు పదమూడు వరకు ఏ ప్రధాన సంఖ్యయు 585401ని భాగింపదు గదా, ఇది ప్రధాన సంఖ్యయే కారాదా?

సమాధానము: కారాదు. తొందర వలదు. ముప్పది రెండు ప్రధాన సంఖ్యలు వరుసగా ఓడిన పిమ్మట ముప్పది మూడవదైన 137 దీనిని నిశ్శేషముగ భాగించును: 137 × 4273. ఆ రెండును ప్రధాన సంఖ్యలే, కనుక ఇక చీల్చుటకు లేదు. భౌతికశాస్త్రజ్ఞులకు 137 అనిన ప్రాణము. సూక్ష్మ నిర్మాణ స్థిరాంకపు విలోమము ఇంచుమించు అంతే. దానికిని బీదరుకును ముడిపెట్టు వ్యాఖ్యాత ఎక్కడనో ఉండును, నేను కాను.

అసలు సొగసు ఇంకొకటి. ఆ రెండు కారణాంకములును నాలుగుచే భాగింపగా ఒకటి శేషించును. అట్టి ప్రధాన సంఖ్య ప్రతిదియు రెండు వర్గముల మొత్తమగును: 137లో 11, 4ల వర్గములు, 4273లో 57, 32ల వర్గములు. అట్టి రెంటి లబ్ధమును మరల రెండు వర్గములుగ కూర్చు ఉపాయము బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628నాటి బ్రాహ్మస్ఫుట సిద్ధాంతములో చూపెను. అది ఇచ్చట రెండు విధముల ఫలించును: 755² + 124² ఒకటి, 499² + 580² రెండవది. నమ్మనివారు కాగితము తీసి కూడి చూతురు గాక. ఏది కూడినను బీదరే వచ్చును.

ఫలశ్రుతి: నాలుగవ అంకెను అడ్డదిడ్డముగ గీకినచో నాలుగు ఒకటియై, 585101 అయి, ఉత్తరము కలబురగి చేరును. కావున చదువరులారా, నాలుగును నాలుగులాగే వ్రాయుడు.