పెద్దబాపు హార్డ్‌టాక్

మా పెద్దబాపుకు షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, ఇంగ్లిష్ ఇంటర్వ్యూల పిచ్చి ఉంది. మొదటి రెండింటికీ కరీంనగర్ డాక్టర్లు మందులు రాశారు. మూడోదానికి ఆయన బదులు ఇంటిల్లిపాదీ పథ్యం చేస్తున్నాం. ఆయన టీవీ ముందు కూర్చున్నాడంటే మిక్సీ తిరగొద్దు, పిల్లలు ఏడవొద్దు, వాకిట్లో ఎవరైనా పిలిస్తే పలకొద్దు. అక్కడ బీబీసీ ‘హార్డ్‌టాక్’లో స్టీఫెన్ సాకర్ ఎవరో మంత్రిని నిలదీస్తుంటే, ఇక్కడ మంథనిలో మా పెద్దమ్మ చాయ్‌లో చక్కెర వేయాలా వద్దా అని సైగలతో అడిగేది. ఆ సందట్లో ఆయన వేయమనే సైగ చేసేవాడు. షుగర్ ఎందుకు దిగట్లేదో డాక్టర్లకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆయన హైస్కూల్లో సోషల్ సారు. సర్వీసంతా ప్రశ్నలు అడిగి అడిగి రిటైరయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలేవంటే వెనక బెంచీ వాళ్లు క్లాసు కప్పు చూసేవాళ్లు. పెద్ద పెద్ద దేశాలేలే వాళ్లు కూడా అడిగినదానికి అట్లాగే కప్పు చూస్తారని టీవీలో కళ్లారా చూశాకే ఆయన ప్రాణం కుదుటపడింది. లోపం తన పాఠంలో లేదని తేలిపోయింది కదా.

1997లో టిమ్ సెబాస్టియన్‌తో మొదలైన ‘హార్డ్‌టాక్’ను 2025 మార్చిలో బీబీసీ మూసేసింది. ఖర్చులు తగ్గించుకోవడానికట. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు, అరగంట. ‘గంత పెద్ద బీబీసీకి గా రెండు కుర్చీలే బరువైనయా?’ అని పెద్దబాపు నన్నే నిలదీశాడు, బీబీసీ ఖజానా తాళాలు నా మొలతాడుకే ఉన్నట్టు. పదకొండో రోజు దాకా మనిషి మనిషిలో లేడు.

మారుమూల గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ అంతర్జాతీయ రంధి ఏమిటని బయటివాళ్లు నవ్వుతారు. వాళ్లకు తెలియనిదేమిటంటే, మాకది ఊరి వ్యవహారమే. 1957 నుంచి వరుసగా నాలుగు ఎన్నికల్లో మేం అసెంబ్లీకి పంపిన పీవీ నరసింహారావు ఆ తర్వాత విదేశాంగ మంత్రి అయ్యారు, 1991లో ప్రధాని అయ్యారు. బస్టాండు దగ్గర చాయ్ కొట్టులో రష్యా యెల్ట్సిన్ పేరు వస్తే, పక్క ఊరి వియ్యంకుడి మాట వచ్చినట్టే మాట్లాడుకునే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

చిత్రమేమిటంటే, ఇంత ప్రశ్నల పిచ్చి ఉన్న ఊరు ఎన్నుకున్నది జవాబు చెప్పడంలో అంత పీనాసి మనిషిని. మైకు ముందు పెడితే పెదవి ఇంత ముందుకొచ్చేది, మాట మాత్రం వచ్చేది కాదు. పదిహేడు భాషల్లో మౌనంగా ఉంటారన్న జోకు మీరు విన్నదే. 2004లో శేఖర్ గుప్తా ‘వాక్ ద టాక్’లో మాత్రం ఆయన బాబ్రీ మసీదు సంగతి మీద నాలుగు మాటలు మాట్లాడారు. అప్పటికి పదవి లేదు, ఆరోగ్యమూ అంతంతే. ఆ ఇంటర్వ్యూ సంగతి వస్తే పెద్దబాపు గుప్తా ప్రశ్నలను మెచ్చుకోడు. ‘అడిగి ఊకున్నడు సూడు, గది పెద్ద విద్య. మనోళ్లు అడిగి, జెవాబు గూడ వాళ్లే చెప్పి, అవునా కాదా అంటరు’ అంటాడు. మన తెలుగు చానెళ్ల చర్చల మీద ఇంతకంటే సూటి విమర్శ నేను వినలేదు. ఎనిమిది కిటికీల్లో ఎనిమిది తలకాయలు, కింద ఎర్రపట్టీ, వెనక డప్పు. మూడో ప్రపంచ యుద్ధం వారానికోసారి మొదలై, యాడ్స్ రాగానే ఆగిపోతుంది.

పెద్దబాపుకు వేదం లాంటి ఇంటర్వ్యూ ఇంకొకటుంది. 1997 మే 13న ‘న్యూస్‌నైట్’లో జెరెమీ పాక్స్‌మన్, బ్రిటన్ హోంమంత్రి పదవి అప్పుడే పోయిన మైకేల్ హోవర్డ్‌ను ఒకే ప్రశ్న పన్నెండు సార్లు అడిగాడు. జైళ్ల శాఖ అధిపతి నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని మీరు బెదిరించారా లేదా? అంతే. ఆయన ఎటు తిరిగినా ఈయన అక్కడికే లాక్కొచ్చాడు. మా ఇంట్లో కరెంటు బిల్లు కట్టావా లేదా అన్న ప్రశ్న నాకు ఈ పద్ధతిలోనే ఎదురవుతుంది. నా జవాబులూ హోవర్డ్ జవాబుల్లాగే ఉంటాయి.

తర్వాత పాక్స్‌మనే బయటపెట్టిన సంగతి ఒకటుంది. ఆ రాత్రి తర్వాత వేయాల్సిన టేపు సిద్ధం కాలేదు, కాసేపు సాగదీయమని చెవిలో చెప్పారు, ఇంకే ప్రశ్నా తోచక ఉన్నదాన్నే తిప్పి తిప్పి అడిగాడు. ఈ ముక్క పెద్దబాపు చెవిన వేస్తే వేదం కూలిపోతుందనుకున్నాను. ఆయన చలించలేదు. ‘టేపు రాకుంటె మనోళ్లయితే సిన్మా పాటేస్తరు. వాడు ప్రశ్నేసిండు’ అన్నాడు.

పెద్దమ్మ శాస్త్రం వేరు. 2007లో కరణ్ థాపర్ అడుగుతుంటే, అప్పుడు గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న నరేంద్ర మోదీ మంచినీళ్లడిగి, నాలుగు నిమిషాలైనా నిండకుండానే ఇంటర్వ్యూ ముగించిన ముచ్చట మా ఇంట్లో తరచూ వస్తుంది. అడిగినవాడి ధైర్యమెంత, లేచినవాడి తప్పెంత అని పెద్దబాపు లెక్క వేస్తాడు. పెద్దమ్మకు ఆ రాజకీయం పట్టదు. ‘మనిషి దూపైతుందన్నంక గూడ ప్రశ్నలేంది? ముందు నీళ్లియ్యాలె, గటెన్క అడగాలె’ అని తీర్పు. ఆమెకు నచ్చేది ఏబీఎన్‌లో ‘ఓపెన్ హార్ట్ విత్ ఆర్కే’. ఎంత పెద్ద మనిషి వచ్చినా చిన్నప్పటి ఊరు, చదువు, పెళ్లి ముచ్చట దగ్గరికి తీసుకుపోతారు కాబట్టి. ‘మీ బీబీసీ ఆయన పుతిన్‌కు ఎందరు పిల్లలో అడిగిండా?’ అని ఆమె అడిగితే పెద్దబాపు దగ్గర జవాబు లేదు. కప్పు చూశాడు.

1977లో డేవిడ్ ఫ్రాస్ట్ ప్రశ్నలకు కూర్చున్నందుకు అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్ 6 లక్షల డాలర్లు తీసుకున్నాడని ఒకసారి చాయ్ కొట్టులో చెప్పాను. వాటర్‌గేట్ గురించి ఎవరూ అడగలేదు. మాట్లాడడానికి పైసలిస్తారా అన్నదొక్కటే చర్చకొచ్చింది. మా దగ్గర ఒక హాఫ్ చాయ్ తాగిస్తే అన్నదమ్ముల పంపకాలతో సహా అన్నీ చెప్తారు.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి పోయినప్పుడు మా ఇంట్లో టీవీ ఆగింది లేదు. పటాలు, బాణాలు, ట్యాంకులు. పెద్దబాపు నాటో విస్తరణ గురించి ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లకు పాఠం చెప్పాడు, మీటరు రీడింగుకు వచ్చిన పిల్లాడితో సహా. పెద్దమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: ‘మంచినూనె ఎప్పుడు దిగుతది?’ అది అంతర్జాతీయ ప్రశ్న కాదని పెద్దబాపు కొట్టేశాడు. నిజానికి అంతకు మించిన అంతర్జాతీయ ప్రశ్న ఆ నెలలో ఏ స్టూడియోలోనూ నేను వినలేదు. మన దేశానికి బయటినుంచి వచ్చే పొద్దుతిరుగుడు నూనెలో చాలావరకు ఉక్రెయిన్, రష్యాలదే. నల్లసముద్రం రేవుల్లో ఓడలు ఆగిపోతే మా సందు చివర కిరాణా కొట్టులో ప్యాకెట్ మీద రేటు మారింది. ఆ జులైలో ఇస్తాంబుల్‌లో రేవులు తెరిచే ఒప్పందం మీద సంతకాలయ్యాయని టీవీలో వస్తే, పెద్దబాపు ఐరాస ప్రధాన కార్యదర్శి గుటెరస్ దౌత్యాన్ని పొగిడాడు. పెద్దమ్మ సంచీ తీసుకుని కిరాణా సేటును నిలదీయడానికి పోయింది.

హార్డ్‌టాక్ పోయాక పెద్దబాపు ఆ లోటు తానే తీర్చుకుంటున్నాడు. 2025 సెప్టెంబరులో ట్రంప్ హెచ్‌1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి వీడియో కాల్ పెట్టాడు. ఇది కొత్త దరఖాస్తులకేనని మర్నాడు వైట్‌హౌస్ సర్ది చెప్పేదాకా పాపం వాడి గుండె చేతిలోనే ఉంది. ఈయనేమో కాలు మీద కాలేసుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి దించి, ‘అసలు వలస విధానం మీద మీ వైఖరేంది?’ అన్నాడు. తమ్ముడు రెండు సెకన్లు కదలకుండా నిలబడి, ‘పెద్దబాపూ, సిగ్నల్ సరిగ లేదు, ఇనవడ్తలేదు’ అని మాయమయ్యాడు.

అసలైన ఇంటర్వ్యూ నేను చూసింది అంతకు ముందటేడు, మా ఇంటి గద్దె మీద. యూఏఈ సర్కారు 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వీసా గడువు దాటినవాళ్లను జరిమానా లేకుండా వదిలిపెట్టింది. ఆ ఆమ్నెస్టీలో మా వాడకట్టు పిల్లాడు ఒకడు దుబాయ్ నుంచి ఇల్లు చేరాడు. కొత్త షర్టు, సెంటు వాసన. పలకరించడానికి వచ్చాడు. పెద్దమ్మ ముందు చెంబుతో నీళ్లిచ్చింది. తర్వాత చిక్కుడుకాయల చాట ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. వాడి ముఖం వైపు చూడనే లేదు.

‘మంచిగున్నవా బిడ్డా?’

‘మంచిగున్న పెద్దమ్మా. కంపెనీ మంచిదే.’

నాలుగు కాయలు అయ్యాయి.

‘ఏజెంటుకు ఎంత పోసినవు?’

‘గంత ఏం లేదు పెద్దమ్మా...’

ఇంకో నాలుగు కాయలు. ఈనె సన్నగా, తెగకుండా వస్తోంది.

‘పత్తి చేను కుదువ వెట్టిన్రని మీ అవ్వ చెప్పలే. నేనే అడుగుతున్న.’

వాడు చెంబు కింద పెట్టాడు. కొత్త షర్టు చేతులు మడిచాడు. మోచేతి కింద కాలిన మచ్చ కనబడింది. పెద్దమ్మ చూసింది గానీ దాన్ని అడగలేదు. కాయలు ఒలుస్తూనే ఉంది. కాసేపటికి వాడే మొదలుపెట్టాడు. చెప్పిన పని ఒకటి, అక్కడ పెట్టిన పని ఒకటి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే. ఆర్నెల్లు జీతం లేక బయటపడి, కాగితాల్లేని ఖల్లివెల్లిగా ఏడాదిన్నర. పోలీసు బండి కనబడితే నడక మార్చడం. ఒక్క గదిలో పన్నెండుగురు. చేను మీది అప్పు మిత్తితో ఎంతైందో కూడా పైసలతో సహా చెప్పాడు. పెద్దమ్మ మొత్తం మీద అడిగినవి నాలుగైదు ప్రశ్నలుంటాయి, అంతే. చివరగా ‘తిన్నవా?’ అంది. తినలేదన్నాడు. చాట పక్కన పెట్టి లోపలికి పోయింది.

ఇంతసేపూ పెద్దబాపు తలుపు చెక్క పట్టుకుని వింటున్నాడు. అవకాశం దొరికింది కదా, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాలు మీద కాలేశాడు. కళ్లద్దాలు దించాడు.

‘అయితే బాబూ, గల్ఫ్ దేశాల నడుమ ఐక్యత మీద నీ అంచనా ఏంది?’

జానెడు దూరంలో కూర్చున్న ఆ పిల్లాడు ఆయన ముఖంలోకి చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

‘పెద్దబాపూ, సిగ్నల్ సరిగ లేదు. ఇనవడ్తలేదు.’