గాలి మీద వేసిన నేరం

నేను సిమెంటు, ఇనుము కలిసి గట్టిపడ్డ గర్డర్ని. పెద్దపల్లి జిల్లా ముత్తారం మండలం ఓడేడుకూ, భూపాలపల్లి జిల్లా టేకుమట్ల మండలం గర్మిళ్లపల్లికీ నడుమ మానేరు మీద 2016లో మొదలైన వంతెన కోసం పుట్టాను. 2024 ఏప్రిల్ 22 రాత్రి ఈదురుగాలి వీచినప్పుడు పిల్లర్ల మీది నుంచి కింద పడ్డాను. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. గాలి పడేసిందన్నారు. గాలి వీచిన మాట కాదనను. కానీ ఎండాకాలంలో మానేరు గట్టున గాలిదుమారం రాని ఏడాది ఏది? ఆ గాలిని ముందే లెక్కగట్టడానికే కదా ఇంజినీరు! లెక్క తప్పిందా, తాత్కాలిక ఆధారం నిలవలేదా, పని ఏళ్లకేళ్లు ఆగడం దెబ్బతీసిందా, అది తేల్చవలసింది నేను కాదు. తేలాక ఏమవుతుందన్నదే నా ప్రశ్న.

టేకుమట్లలో డాక్టరు మందుచీటీ రాస్తే దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తప్పు రుజువైతే మెడికల్ కౌన్సిల్ ఆ పేరును రిజిస్టరు నుంచి కొంతకాలమో, శాశ్వతంగానో తీసేయవచ్చు. వకీలుకు 1961 చట్టం, ఆడిటరుకు 1949 చట్టం, ఆర్కిటెక్టుకు 1972 చట్టం ఉన్నాయి. నన్ను డిజైన్ చేసి, నా కొలతలు ఎంబీ అనే కొలతల పుస్తకంలో రాసి, సంతకం పెట్టే ఇంజినీరుకు మాత్రం దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. బిల్డింగ్ ప్లాన్లకు ఇచ్చే స్ట్రక్చరల్ ఇంజినీరు లైసెన్సు ఆ ప్లాన్ల గడప దాటదు. తప్పు చేసిన ఉద్యోగికి ఛార్జిమెమో, సస్పెన్షన్, ఇంక్రిమెంటు కోత. మరీ అయితే ఉద్యోగం పోతుంది. వృత్తి పోదు. మర్నాడు కన్సల్టెంటుగా మరో వాగు మీద మరో గర్డర్‌ను గీయవచ్చు.

మెడికల్ కౌన్సిల్ ఏం ఒరగబెట్టిందని అడిగేవాళ్లున్నారు. డాక్టర్లను డాక్టర్లే కాపాడుకుంటారంటారు. అందులో నిజముంది: 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం మీద అప్పీలు హక్కు డాక్టరుకే రాసిచ్చింది, రోగి పేరెత్తలేదు. అయినా తలుపు సరిగా లేదని గోడే చాలనుకుంటామా? ఇంకో అభ్యంతరం బరువైనది. భయపడితే ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు, పనులు ఆగిపోతాయి. ఇదే చిక్కు వైద్యంలో వచ్చినప్పుడు సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో మామూలు పొరపాటునూ ఘోర నిర్లక్ష్యాన్నీ వేరుచేసింది. డాక్టరు మీద కేసు నడపడానికి ముందు నిపుణుడైన మరో డాక్టరు అభిప్రాయం కావాలంది. వృత్తి తెలిసినవాళ్లు తూచే తక్కెడ ఉంటే నిజాయితీపరుడైన ఇంజినీరుకే రక్షణ. లేకపోతే అతనికి మిగిలేది పోలీసు స్టేషనో, పత్రికల తీర్పో. అలాంటి తక్కెడ ఉన్న అమెరికాలో 1981లో కాన్సస్ సిటీ హోటల్లో నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. ఏ ఇంజినీరుకూ జైలు పడలేదు. ఇద్దరి లైసెన్సులు మాత్రం పోయాయి.

మా భూపాలపల్లి జిల్లాలోనే 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు పిల్లర్లు కుంగితే కమిషన్ వేశారు. నివేదిక 2025 జూలైలో అందింది. అంత పెద్దదానికి కమిషన్ సరే, నాలాంటి గర్డర్‌కు ఎవరు వేస్తారు? శాఖాపరమైన విచారణ ఉందిగా అంటే, పెన్షన్ రూల్సు చూడండి. రిటైరైన ఉద్యోగి మీద నాలుగేళ్లకు పూర్వం జరిగిన పనికి కొత్తగా విచారణ మొదలుపెట్టకూడదు. వంతెన 2016లో మొదలైంది, నేను 2024లో పడ్డాను. 2020 ఏప్రిల్‌కు ముందే ఇక్కడ సంతకం పెట్టి పదవీ విరమణ చేసినవారెవరైనా ఉంటే, నేను ఇసుకను తాకేసరికే వారి గడువు తీరిపోయింది.