ఎవరి ఇజ్జత్‌కు ఎవరు వకీలు?

పరువు కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2016లో, సుబ్రమణ్యస్వామి కేసులో తేల్చేసింది. కాదనడానికి మనమెవరం? కాకపోతే గోదావరికి ఇటు కరీంనగర్‌లోనైనా, అటు ఆదిలాబాద్‌లోనైనా పరువుకు రెండు కౌంటర్లున్నాయి. ఒకటి ఖద్దరు కౌంటర్. అక్కడ లైను ఉండదు. రెండోది జనరల్.

ఖద్దరు కౌంటర్ పనితనం చూడాలంటే రామగుండం దాకా పోవాలి. నల్ల బాలు అనే ఆయన రాష్ట్ర ప్రభుత్వం మీద, ముఖ్యమంత్రి మీద ఎక్స్‌లో పోస్టులు పెడితే ఆ ప్రాంతంలో ఒకటి కాదు, మూడు ఎఫ్‌ఐఆర్‌లయ్యాయి. 2025 సెప్టెంబరులో హైకోర్టులో జస్టిస్ ఎన్. తుకారాంజీ మూడింటినీ కొట్టేసి, పోలీసులకు మళ్లీ ఓనమాలు దిద్దించారు. పరువు పోయినవాళ్లే ఫిర్యాదు చేయాలి. రాజకీయ విమర్శ ఘాటుగా ఉందని కేసు పెట్టొద్దు. పరువు నష్టం పోలీసులు నేరుగా కేసు పెట్టే నేరమే కాదు, ఫిర్యాదు పట్టుకొచ్చినవాళ్లను మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి.

భేషైన తీర్పు. అయితే ఒక్క మాట. ఈ తీర్పు రాకముందు కూడా జనరల్ కౌంటర్‌లో నిలబడ్డవాళ్లకు “ఇది కోర్టు ముచ్చట, మాది కాదు” అని చెప్పేంత చట్టజ్ఞానం మన స్టేషన్లలో పుష్కలంగా ఉండేది. ఖద్దరు కనబడ్డప్పుడే మతిమరుపు వచ్చేది.

జనరల్ కౌంటర్ సంగతి చూద్దాం. ఏదో ఒక మండల కేంద్రంలో బ్లౌజులు కుట్టుకునే ఆమె ఉందనుకోండి. మహిళా సంఘం లీడరు. అప్పు కిస్తీ కట్టమని ఒకడి భార్యను నలుగురిలో అడిగింది. వాడు ఆమె మొహం తీసి ఇంకెవరి ఒంటికో అతికించి ‘మనూరి ముచ్చట్లు’ గ్రూపులో పడేశాడు. గ్రూపులో మూడొందల మంది. తప్పన్నవాడు లేడు. నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లున్నారు. “ఇంకున్నయా?” అని అడిగిన పెద్దమనిషీ ఉన్నాడు. ఆమె స్టేషనుకు పోయింది.

“ఫోటో ఏదమ్మా?”

“డిలీట్ చేసిండు సార్.”

“డిలీట్ చేసిండంటే బుద్ధొచ్చినట్టే గద. ఇగ కేసెందుకు?”

నిజానికి ఇది ఉత్త పరువు నష్టం కాదు. ఐటీ చట్టంలో అశ్లీలానికి సెక్షన్ 67 ఉంది. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జుర్మానా. మరీ పచ్చిగా ఉంటే 67ఏ. అది ఐదేళ్లు, 10 లక్షలు. వీటికి పోలీసులే నేరుగా కేసు పెట్టొచ్చు. కానీ అదే చట్టంలో 78వ సెక్షన్ ఉంది. ఇన్‌స్పెక్టర్‌కు తగ్గిన అధికారి దర్యాప్తు చేయకూడదట. స్టేషన్‌లో దొరికేది ఎస్సై సాబ్. సీఐ సాబ్ శివరాత్రికి వేములవాడలోనో, నాగోబా జాతరకు కేస్లాపూర్‌లోనో బందోబస్తులో ఉంటాడు.

సరే, వట్టి తిట్లే అనుకుందాం, కోర్టుకే పోదాం. వకీలును ఆమే పెట్టుకోవాలి. సాక్షులను ఆమే తెచ్చుకోవాలి. స్క్రీన్‌షాట్‌కు సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో మేజిస్ట్రేటు కేసు స్వీకరించేముందే తిట్టినవాడి మాట కూడా వినాలి. నష్టపరిహారం కావాలంటే ఏడాదిలోపే సివిల్ దావా వేయాలి, అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. పోయిన ఇజ్జత్‌కు ఇంత విలువ అని రాసుకొని, దాని మీద ప్రభుత్వానికి మన జేబులోంచే రుసుము!

అదే సంహిత 222వ సెక్షన్ తిరగేయండి. విధి నిర్వహణ విషయంలో మంత్రిగారి పరువుకు భంగం కలిగితే ఆయన తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటరే సెషన్స్ కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. ఆ ప్రాసిక్యూటర్ జీతంలో కుట్టుమిషన్ ఆమె కట్టే పన్ను కూడా ఉంది.

ఇంతలో ఊరి పెద్దమనుషులు దిగుతారు. “ఆడిపిల్ల పేరు కోర్టుల ఎందుకమ్మా, మాఫీ అడిగిపిస్తం” అంటారు. వాడు చేతులు కట్టుకుంటాడు, దండుగ కడతాడు. ఆ పైసలతో సాయంత్రం పెద్దమనుషులకు దావత్. ఆమెకు దక్కేది రాజీ కాగితం. ఫోటో మాత్రం ఎవరెవరి ఫోన్లలో దిగిందో అక్కడే ఉంటుంది. యాప్ కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఇలాంటి బొమ్మలను గంటల్లోనే తీసేయాలని 2021 నిబంధనలు అన్నాయి. ఫోన్లలో దాచుకున్నదాని జోలికి ఏ నిబంధనా పోలేదు.

అక్కలారా, చెల్లెళ్లారా, మీకూ ఒక సర్కారు వకీలు ఉన్నాడు. ఆ సంగతి మీకెవరూ చెప్పరు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం అందాలి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఏడ్చేముందు నంబరు, తేదీ, గ్రూపు పేరు కనబడేటట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఇలాంటి ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఇక ‘ఇంకున్నయా’ అని అడిగిన పెద్దమనిషికి ఒక మనవి. 67వ సెక్షన్‌లో తయారుచేసినవాడు అని లేదు. ప్రచురించినవాడు, పంపినవాడు అని ఉంది. ఫార్వర్డ్ నొక్కిన వేలికీ అదే మూడేళ్లు.