పట్టికాపీడిత గృహస్థుని దరఖాస్తు

పాఠక మహాశయుల సముఖమునకు,

ధరూర్ మండల కేంద్ర నివాసి, సొంత ఇల్లు, కొంత సీడ్ పత్తి చేను, ఒక భార్య, ఒక ఇంజనీరు కొడుకు గల గృహస్థు విన్నవించుకునేది ఏమనగా: మా ఇంటి లెక్కలు ఇప్పుడు నా చేతిలో లేవు. లేటెక్ అనే అచ్చుకూర్పు భాష చేతిలోకి పోయాయి.

మొన్నటిదాకా ఎర్రట్ట ఖాతా బుక్కు ఉండేది. సీడ్ ఆర్గనైజర్ ఇచ్చిన అడ్వాన్సు, దాని వడ్డీ, పత్తి పూల క్రాసింగ్ కూలీలు, పాలు, కిరాణా, అన్నీ అందులోనే. కొత్త పద్దు వస్తే స్కేలు పెట్టి గీత కొట్టేవాణ్ణి. ఎవర్నీ అడిగే పని లేదు. దసరాకు వచ్చిన మావాడు ఆ బుక్కు తిరగేసి, "నాయినా, నెలనెలా ఈ గీతలేంది? ఒక్కసారి ఎన్విరాన్‌మెంట్ రాసిపెడ్తా, జిందగీ మొత్తం వాడుకో" అన్నాడు. జిందగీ అన్నప్పుడే నాకు భయం వేయాల్సింది.

ఈ పాపం ఎవరిదని విచారించాను. అమెరికాలో డొనాల్డ్ క్నూత్ అనే ప్రొఫెసరు ఉన్నారు. 1977లో తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు చూసుకుంటే ఆయనకు అచ్చు నచ్చలేదు. మనలాంటి వాళ్లైతే ప్రెస్సువాడితో జగడం పెట్టుకుని ఊరుకుంటాం. ఆయన టెక్ అనే భాషే తయారుచేశారు. ఏడాదిలో తేలుతుందనుకున్న పని సుమారు పదేళ్లు లాగింది. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దానిమీద లేటెక్ కట్టారు. ఇద్దరూ మహానుభావులే. పాలపద్దు రాసే అవసరం మాత్రం వాళ్లకు పడినట్టు లేదు.

పద్ధతి ఇదీ. 'న్యూ ఎన్విరాన్‌మెంట్' అనే ఆజ్ఞకు ఒక పేరు చెప్పాలి, బిగిన్ దగ్గర ఏం జరగాలో చెప్పాలి, ఎండ్ దగ్గర ఏం జరగాలో చెప్పాలి. గద్వాల చీరకు నూలు ఒంటిని, పట్టు అంచులను కుప్పడంతో కలిపినట్టు, రెండు కొసలూ ముందే నేసిపెడితే మధ్యన ఏ నెల లెక్కయినా పోసుకోవచ్చు. మావాడు దానికి 'ఇంటిపద్దు' అని పేరు పెట్టాడు. మంచి గుణం ఒప్పుకోవాలి. మొదట్లో 'కిరాణా కొట్టు' అని రాస్తే కింది ఒత్తు పోయి గీతకు తగిలింది. తెలుగు ఒత్తుల సంగతి ఆ అమెరికా గీతలకేం తెలుసు? 'అర్రేస్ట్రెచ్' అనేదాన్ని 1.4 చేస్తే వరుసల మధ్య ఎడం పెరిగింది. ఎన్విరాన్‌మెంటు లోపల మార్చాడు కాబట్టి ఆ మార్పు ఎండ్ దగ్గరే ఆగిపోతుంది, మిగతా కాగితాన్ని ముట్టుకోదు. మా ఇంట్లో మనుషులకు లేని కట్టుబాటు అది.

ఆ తర్వాత మొదలైంది. వివరాల కాలమ్ కాగితం వెడల్పుకు సరిపడా సాగాలని 'ట్యాబ్యులర్ ఎక్స్' తెచ్చాడు. దానికో గుణం ఉంది: లోపలి సరుకంతా ముందే చదివి, ఒకటికి రెండుసార్లు కూర్చి చూసుకుని, అప్పుడు గాని వెడల్పు తేల్చదు. అందుకని తన ఎండ్ ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతుంది. మన కాగితంలో ఉన్నది 'ఇంటిపద్దు' ఎండ్. దాని ఎండ్ మావాడు రాసిన నిర్వచనంలో దాక్కుని ఉంది. పాపం అది పాలు దాటి, కిరాణా దాటి, ఫైలు చివరిదాకా పోయి, ఫైలు అయిపోయిందని కేకపెట్టింది. మందు ఏమంటే, నిర్వచనంలో దాన్ని బిగిన్, ఎండ్ అని మర్యాదగా పిలవకూడదట. 'ట్యాబ్యులర్ ఎక్స్', 'ఎండ్‌ట్యాబ్యులర్ ఎక్స్' అని ఉత్త పేర్లతో పిలిస్తే దారికొస్తుంది.

నిలువు గీతలు అడిగాను. "పద్ధతైన పట్టికల్లో నిలువు గీతలుండవు నాయినా" అన్నాడు. బుక్‌ట్యాబ్స్ అనే ప్యాకేజీ రాసినాయన వాటిని ఎన్నడూ వాడొద్దన్నాడట. మా నాయిన ఖాతా బుక్కునిండా నిలువు గీతలే. ఆయన అప్పులేమీ వాటివల్ల పెరగలేదు.

అసలు దెబ్బ మా ఆవిడ కొట్టింది. ప్రింటు చేతిలోకి తీసుకుని, "తేదీ, వివరం, జమ, ఖర్చు, అంతా బాగుందయ్యా. పాలోడికి బాకీ ఉన్నం గదా, అది యాడ రాస్తవ్?" అంది. నాలుగే కాలమ్‌లు. అయిదో గడి కోసం, గడులను వేరుచేసే అండ్ గుర్తు ఇంకోటి కొట్టాను. అలైన్‌మెంట్ ట్యాబ్ ఎక్కువైందని లేటెక్ గదమాయించింది. నిర్వచనం మార్చాలంటే హైదరాబాదుకు ఫోను చేయాలి. మావాడు మీటింగులో ఉంటాడు.

కాలమ్ లేకపోతే బాకీ లేనట్టేనా? ఈ ప్రశ్న మా ఇంటితో ఆగదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డును భూమి తగాదాల్లో ఇప్పటికీ బయటికి తీస్తారు. పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారుకూ కాలమ్ ఉండేది. 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి అనే భూరికార్డుల పోర్టల్‌లో అనుభవదారు కాలమ్ లేకపోయింది. చేను దున్నుతున్నవాడు చేనులోనే ఉన్నాడు, పట్టికలో లేడు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చేదాకా ఊరూరా ఇదే గోల. విచిత్రం చూడండి, ధరణి వచ్చిన ఆ నెల ఒకటో తేదీనే లేటెక్ వాళ్లు 'న్యూ డాక్యుమెంట్ ఎన్విరాన్‌మెంట్' అనే ఆజ్ఞను అసలు భాషలోనే చేర్చారు. పాత ఆజ్ఞలో బిగిన్ దగ్గర చెప్పిన మాట ఎండ్‌కు గుర్తుండేది కాదు. కొత్తదానిలో ఉంటుంది. ఇష్టమైతే ఇచ్చే, లేకుంటే మానే ఆర్గ్యుమెంట్లు కూడా సులువుగా పెట్టుకోవచ్చు. అంటే కాలమ్‌ల వరుసనే అలాంటి ఆర్గ్యుమెంటుగా పెట్టొచ్చు. ఏమీ చెప్పకపోతే మావాడి నాలుగు కాలమ్‌లు, చెబితే మా ఆవిడ అయిదు. ఈ వీలుండి కూడా మావాడు నాలుగింటిని నిర్వచనంలో మేకులు కొట్టి బిగించాడు. నా ఫిర్యాదు భాష మీద కాదు, ఆ మేకుల మీద.

కావున, ఇంటికైనా ఊరికైనా సర్కారుకైనా పట్టికలు నిర్వచించే సమస్త ఇంజనీర్లకు తమరు నచ్చజెప్పి, ప్రతి పట్టికకూ చివర 'రిమార్కులు' అనే ఒక కాలమ్ తప్పనిసరి చేయించగలరని, అది ట్యాబ్యులర్ ఎక్స్‌లోని సాగే 'ఎక్స్' రకం కాలమ్ అయి ఎంత రాసినా పట్టేలా ఉండాలని, ఈలోగా నా ఎర్రట్ట బుక్కు నాకు తిరిగి ఇప్పించగలరని ప్రార్థన.

ఇట్లు
ఒక గృహస్థు, ధరూర్