దిగడం నా పని: ఒక యెజ్డీ ఆత్మకథ

సినిమాలో హీరో బండి గోడ దాటి గాల్లోకి లేస్తుంది. హాల్లో ఈలలు మోగుతాయి. బండి ఇంకా గాల్లో ఉండగానే షాట్ తెగిపోతుంది. తరవాతి షాట్‌లో హీరో నవ్వుతూ బండి స్టాండు వేస్తుంటాడు. ఆ రెండు షాట్ల మధ్య నేలకు తగిలింది ఎవరు? నేనూ, నా మీద హీరో చొక్కా తొడుక్కుని కూర్చున్న డూపూ. తెర మీద కనబడని ఆ క్షణమే నా జీవితం.

నేను పుట్టింది మైసూరులో, ఐడియల్ జావా కర్మాగారంలో. చెకోస్లోవేకియా వారి జావా బండ్లు 1961 నుంచి అక్కడ తయారయ్యేవి. 1973 నుంచి వాటికి యెజ్డీ అన్న పేరు వచ్చింది. నాది 1978లో మొదలైన రోడ్‌కింగ్ వంశం. 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, రెండు సైలెన్సర్లు, కిక్కుకీ గేరుకీ కలిపి ఒకటే కడ్డీ. మద్రాసు దగ్గర షోళవరంలో యుద్ధకాలం నాటి రన్‌వే మీద మా వాళ్ళు రేసులు కొట్టారు. నన్ను కొన్న కుర్రాడికి మాత్రం తారు కంటే మట్టి మీద మోజు. హెడ్‌లైటు పీకేశాడు, బటన్ టైర్లు వేయించాడు, హ్యాండిల్ వెడల్పు చేయించాడు. అలా నేను మోటోక్రాస్ బండినయ్యాను.

మట్టిలో దిగాక గాని అసలు సమస్య తెలియలేదు. నా ఇంజను దూకించగలదు, నా షాకులు దింపలేవు. ఇందులో లెక్క చాలా తేలిక. ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి చదునైన నేల మీద పడ్డ బండి పది సెంటీమీటర్ల షాకు కదలికలో ఆగాలంటే, సగటున దాని బరువుకు 16 రెట్లు దెబ్బ తగులుతుంది. అదే ముప్ఫై సెంటీమీటర్లలో ఆగితే 6 రెట్లే. మధ్యలో ఉన్న ఆ పది రెట్ల తేడా రైడరు మోకాళ్ళకూ నడుముకూ చేరుతుంది. మోటోక్రాస్ రైడర్లు ఫుట్‌రెస్టుల మీద నిలబడి మోకాళ్ళు వంచి దిగడానికి కారణం ఇదే. బండికి చాలని కదలికను కాళ్ళు అప్పిస్తాయి.

ఈ బాధ నా ఒక్కదానిదే కాదు. 1960ల్లో ప్రపంచ మోటోక్రాస్‌ను ఏలిన మా చెక్ దాయాదులు సీజెడ్ బండ్లకూ వెనక కదలిక నాలుగంగుళాల దగ్గరే ఉండేది. బెల్జియం ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ రెండు షాకుల బదులు సీటు కింద ఒకే పెద్ద షాకు పెట్టి చూశాడు. యమహా ఆ ఆలోచన తీసుకుంది. 1973లో స్వీడన్ రైడర్ హాకన్ ఆండర్సన్ ఆ బండి మీద 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే కదలిక మూడింతలయింది.

ఆ వార్త విన్న నా కుర్రాడు ఊరుకోలేదు. ఒక లేతు పనివాణ్ణి పట్టుకుని నా వెనక షాకుల కింది కొసల్ని స్వింగ్ ఆర్మ్ మీద ముందుకు జరిపించాడు. అప్పుడు షాకు ఒక అంగుళం కదిలితే చక్రం ఒకటిన్నర అంగుళాలు కదులుతుంది. కదలిక పెరిగింది. అయితే స్ప్రింగు మీద పడే భారం కూడా పెరిగింది. చక్రం దగ్గర పాత బిగువే కావాలంటే స్ప్రింగు రెండుంబావు రెట్లు గట్టిదై ఉండాలి. అంత గట్టి స్ప్రింగు ఆ రోజుల్లో మాకు దొరకలేదు.

సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు మారుతున్న రోజులవి. నా కుర్రాడు అప్పటికే సినిమాల్లో ఫైటర్. యూనిట్లతో పాటు అతనూ వచ్చేశాడు, నన్ను లారీకెక్కించి తెచ్చాడు. అప్పట్లో ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ అంటే ఈనాటి అద్దాల మేడలు కావు. బండరాళ్ళు, తుప్పలు, అక్కడక్కడా ఒక స్టూడియో. ఒకవైపు పద్మాలయా, మరోవైపు రామానాయుడు. ఛేజింగ్ సీను తీయడానికి అంతకన్నా మంచి నేల లేదు. మనిషి పైనుంచి పడే షాట్‌కు కింద అట్టపెట్టెలు పేర్చి పరుపులు పరుస్తారు. బండి దిగే షాట్‌కు ఏమీ పరవరు, పరిస్తే చక్రం జారుతుంది. పరుపు, అట్టపెట్టె రెండూ నేనే కావాలి. ర్యాంపు ఎక్కడానికి ధైర్యం చాలు, దిగడానికి ఫోర్కులో నూనె కావాలి. ఒక్కో టేక్ తర్వాత నా యజమాని నడుము పట్టుకుని నడిచేవాడు. యూనిట్ చప్పట్లు కొట్టేది. అప్పట్లో నన్ను బాగుచేయించే తీరిక ఎవరికీ ఉండేది కాదు. మర్నాడు ఇంకో షూటింగు.

తర్వాత రోప్‌లు వచ్చాయి, గ్రాఫిక్స్ వచ్చాయి. 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది. నేను ఒక రేకుల షెడ్డులో గోడకు ఆని ఉండిపోయాను. యజమాని ఇప్పుడు పెద్దాయన, అందరికీ మాస్టారు. ఒకనాడు మనవణ్ణీ మెకానిక్ భాయ్‌నీ వెంటబెట్టుకుని వచ్చి నా మీది గోతం తీశాడు.

“ట్యాంకుకు పెయింట్ కొట్టిద్దాం మాస్టారూ, మెరిసిపోతది,” అన్నాడు భాయ్.

“రంగు ఆఖర్న. ముందు షాకుల సంగతి చూడు భాయ్,” అన్నాడు ఆయన.

“తాతయ్యా, రెండిటి బదులు ఒకే షాకు, మోనోషాక్ వేయిద్దామా?” అని మనవడు అడిగాడు.

“వద్దురా. ఇది ఏ కాలం బండో ఆ కాలం బండిలాగే నిలబడాలి. ఉన్న రెండు షాకులతోనే సరిగ్గా పనిచేయించాలి.”

ఫోర్కులు విప్పితే నూనె బదులు నల్లటి జిగురు కారింది. పైపుల్ని మందపాటి అద్దం మీద దొర్లించి, కింద వెలుతురు ఎక్కడ దూరుతోందో చూశారు. ఒకటి వంగి ఉంది. వంపు ప్రెస్సులో తీయించి, తుప్పు తిన్న గుంటల మీద బాలానగర్‌లో హార్డ్ క్రోమ్ వేయించి గ్రైండింగ్ చేయించారు. గుంట మిగిలితే కొత్త ఆయిల్ సీల్ కూడా నాలుగు రోజుల్లో చిరుగుతుంది. సీళ్ళు, బుష్‌లు రాణీగంజ్‌లో కొలతలు చూసి తెచ్చారు. స్ప్రింగులు తీసి, ఫోర్కులు పూర్తిగా కిందికి నొక్కి, రెండిట్లోనూ నూనె మట్టం ఒకే ఎత్తుకు వచ్చేలా పోశారు. సీసా మీది కొలత నమ్మి పోస్తే, మూలల్లో మిగిలిన పాత నూనె లెక్క తప్పిస్తుంది.

వెనక షాకులు మూతలు విప్పి కడిగి, కొత్త నూనె పోసి, గట్టి స్ప్రింగులు చుట్టించి వేశారు. ఇక అసలు పరీక్ష. మనవడు నన్ను నిటారుగా పట్టుకున్నాడు, మాస్టారు ఎక్కాడు, భాయ్ ఇరుసు నుంచి సీటు దాకా టేపు పట్టాడు. మనిషి ఎక్కితే మొత్తం కదలికలో మూడో వంతు దాకా దిగాలి. ఎక్కకముందు నా సొంత బరువుకే కొంచెం దిగి ఉండాలి. మనిషితో లెక్క కుదిరి, మనిషి లేనప్పుడు అసలు దిగకపోతే స్ప్రింగు మెత్తదని, బిగించి సరిపెట్టారని అర్థం.

స్ప్రింగు బండిని మోస్తుంది, నూనె బండిని మర్యాదగా నిలబెడుతుంది. దెబ్బను మింగిన స్ప్రింగు దాన్ని వెంటనే తిరిగి కొట్టాలని చూస్తుంది. సన్నటి రంధ్రాల్లోంచి నూనె దూరేటప్పుడు ఆ ఊపు వేడిగా మారి పోతుంది. నూనె పలచనైతే వెనక చక్రం రైడర్ని ముందుకు ఎత్తి విసురుతుంది. మరీ చిక్కనైతే ఒక గుంట నుంచి లేవకముందే రెండో గుంట వస్తుంది, షాకు కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది. భాయ్ సీటును నొక్కి వదిలేవాడు. ఒక్కసారి లేచి నిలవాలి, రెండోసారి ఊగకూడదు. అది కుదిరే దాకా నూనె మార్చుతూనే ఉన్నారు.

కుదిరాక మనవడు నన్ను మట్టి దిబ్బ మీంచి దూకించాడు. మాస్టారు నా వెనక చక్రాన్నే చూశాడు. అది దిగింది, మునిగింది, లేచి నిలిచింది. మనవడు నడుము పట్టుకోకుండా దిగి నడిచాడు. నా వయసులో ఇంతకు మించిన మెప్పు అక్కర్లేదు.

మీ ఇంట్లో, మీ తాతగారి షెడ్డులో నాలాంటి పాత బండి ఉంటే ఒక మాట చెబుతాను. రంగుకూ క్రోముకూ డబ్బు పెట్టేముందు ఫోర్కులు విప్పించండి, షాకుల్లో నూనె మార్పించండి, మీ బరువుకు తగ్గ స్ప్రింగు వేయించండి. అలాగే ఈసారి తెర మీద బండి గాల్లోకి లేచినప్పుడు, దాన్ని నేలకు దింపిన మనిషి పేరు టైటిల్స్‌లో చదివే దాకా సీట్లోంచి లేవకండి.