గంటల మిషను ఆత్మకథ

హారతివేళ గుడిలో కంచుగంట, జేగంట, తాళాలు, నగారా అన్నిటినీ కరెంటుతో ఒక్కసారిగా మోగించే యంత్రాన్ని వాడుకలో గంటల మిషను అంటారు. ఈ ఆత్మకథ అలాంటి ఒక మిషనుది. యంత్రానికి ‘నేను’ అనుకునే అలవాటు లేదు గనుక తన సంగతి తాను ప్రథమపురుషలోనే చెప్పుకుంటుంది.

మిషను పుట్టింది ఒక చిన్న వర్క్‌షాపులో. ఇనప యాంగిల్ ఫ్రేము, అడుగున సింగిల్ ఫేజ్ మోటారు, పైన అడ్డంగా ఒక షాఫ్టు, ఫ్రేము ముఖాన ఎర్రరంగుతో దాత పేరు, గోత్రం, ఊరు. మోటారు నిమిషానికి దాదాపు 1440 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంతో కర్ర పడితే నగారా ఒక్కపూట నిలవదు కాబట్టి చిన్న పుల్లీ నుంచి పెద్ద పుల్లీకి బెల్టు వేసి జోరు తగ్గించారు. షాఫ్టు మీద కోడిగుడ్డు ఆకారపు ఇనప బిళ్లలున్నాయి. బిళ్ల కోసు పైకి వచ్చినప్పుడు కర్ర లేస్తుంది; కోసు దాటగానే స్ప్రింగు దాన్ని లాగి నగారా మీద దెబ్బ వేయిస్తుంది. గంటల నాలుకలు ఊగేదీ ఇదే పద్ధతిలో. అంటే లయ మొత్తం వెల్డింగు రోజునే ఖాయమైపోయింది. నడక మారాలంటే బిళ్లను కోసి మళ్లీ అతికించాలి.

వంశం మాత్రం గొప్పదే. 9వ శతాబ్దంలో బాగ్దాదుకు చెందిన బనూ మూసా సోదరులు, మేకులు దిగ్గొట్టిన సిలిండరు తిరుగుతుంటే దానంతటది పలికే వాద్యాన్ని తమ గ్రంథంలో వర్ణించారు. 1738లో పారిస్‌లో ఫ్రెంచి యంత్రశిల్పి వోకన్సన్ మనిషంత ఎత్తున్న వేణుగాన బొమ్మను చూపించాడు. తిత్తులతో ఊపిరి తీసి, పెదవులు కదిపి, వేళ్లతో రంధ్రాలు మూస్తూ అది 12 పాటలు వాయించింది. 19వ శతాబ్దం చివర చిల్లులు పొడిచిన కాగితపు చుట్టతో నడిచే పియానోలు వచ్చి ఇళ్లలోకి చేరాయి. అమెరికన్ స్వరకర్త జాన్ ఫిలిప్ సూసా 1906లో వాటి మీద ధ్వజమెత్తాడు. ఇంట్లో యంత్రమే పాడుతుంటే పిల్లలు సంగీతం నేర్చుకోవడం మానేస్తారన్నది అతని వాదన. అందులో రాయల్టీ బాధ కూడా కలిసి ఉంది. ఆ బాధకు 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం మందు వేసింది: ఒక్కో చుట్టకు స్వరకర్తకు 2 సెంట్లు. పిల్లల సంగీతం గురించి అడిగిన ప్రశ్నకు ఏ చట్టమూ జవాబివ్వలేదు.

గుడిలో మిషను పని హారతికి మొదలై హారతితో ముగియాలి. ముగియదు. అర్చకుడు పళ్లెం దించి స్విచ్ ఆపినా, తిరిగే పుల్లీ ఊపు చావక రెండు మూడు దెబ్బలు అదనంగా పడతాయి. అదే డోలు వాయించే మనిషైతే, అతని చూపు గర్భగుడి మీదే ఉంటుంది. పళ్లెం స్వామి ముఖం దగ్గరికి లేచేసరికి దరువు పెంచుతాడు, కర్పూరం కొండెక్కుతుంటే తగ్గిస్తాడు. పెళ్లిలో గట్టిమేళం అన్న కేక వినబడగానే వాయిస్తున్నది వదిలి ఒక్కసారిగా హోరెత్తించేది కూడా ఆ చూపు, ఆ చెవే. మిషనుకు ఈ రెండూ లేవు. బలం మాత్రం ఉంది. చిన్న మండపంలో అది మోగుతుంటే పక్కవాడి మంత్రం పక్కవాడికి వినబడదు.

మనిషి చోటును మిషను లాక్కుందన్న మాట పూర్తిగా నిజం కాదు. తెలుగునాట సన్నాయి, డోలు ఎక్కువగా నాయీబ్రాహ్మణ కుటుంబాల వృత్తి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ముస్లిం కుటుంబాలూ తరతరాలుగా గుళ్లలో వాయించాయి. కరవది నుంచి శ్రీరంగం వెళ్లి స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా అలాంటి ఇంటివారే. గుడి కొలువుకు ప్రతిఫలంగా మాన్యం భూములుండేవి. 1987 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం ఈ కొలువుల మీది వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. ఈ మిషను దిగేసరికే దాని గుళ్లో రోజువారీ మేళం ఆగిపోయి ఉంది. హారతికి అర్చకుడే ఒక చేత్తో గంట ఊపుకొనేవాడు. అయితే ఒకటి మాత్రం మిషను వల్ల తిరిగి రాకుండా పోయింది. మేళగాళ్ల ఇంటి పిల్లవాడు ముందు తాళం పట్టుకుని, తప్పు వాయించినా ఎవరూ పట్టించుకోని మామూలు రోజు హారతుల్లో చేయి తిప్పుకుని, ఆ తర్వాతే ఉత్సవానికి కూర్చునేవాడు. మిషను ఆక్రమించినది విద్వాంసుడి పీటను కాదు, ఈ పిల్లవాడి చోటును. శ్రుతిపెట్టె కథా ఇంతే. బెంగళూరులో వేణు విద్వాంసుడైన ఇంజినీరు జి. రాజ్‌నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేశాక గాయకులకు మోతబరువు తగ్గింది. వెనక కూర్చుని తంబుర మీటుతూ కచేరీ మొత్తం చెవిలో వేసుకునే శిష్యుడు వేదిక దిగాడు.

మిషను చుట్టాల్లో చెవులున్నవాళ్లు లేకపోలేదు. టోక్యోలోని వాసెదా విశ్వవిద్యాలయంలో 1984లో తయారైన వాబోట్-2 అనే రోబో కెమెరాతో స్వరలిపి చదివి, పది వేళ్లతో, రెండు కాళ్లతో ఆర్గాన్ వాయించింది. అమెరికాలోని జార్జియా టెక్‌లోని షిమాన్ అనే మరో రోబో నాలుగు చేతులతో మారింబా (చెక్కపలకల వాద్యం) వాయిస్తూ తోటి కళాకారుల వాయిద్యం విని అప్పటికప్పుడు బదులు పలుకుతుంది. దాన్ని తయారుచేసినవారి ఉద్దేశం మనిషికి కొత్త జోడీని ఇవ్వడం. గంటల మిషను పెట్టించినవారి ఉద్దేశం జీతం ఖర్చు లేకుండా హారతి గడుపుకోవడం. రెండూ యంత్రాలే అయినా సంగీతకారుడికి వాటివల్ల ఒరిగేది ఒకటి కాదు.

మనుషుల మేళం మాత్రం పూర్తిగా పోలేదు. తిరుపతిలో టీటీడీ పాఠశాల నేటికీ నాదస్వరం, డోలు నేర్పుతోంది. పెద్ద గుళ్లలో ఆస్థాన విద్వాంసులున్నారు. చిన్న గుడికి కల్యాణం రోజున పట్నం నుంచి మేళం వస్తుంది, ఆ పూట మిషను ఆపుతారు. గుడి లెక్కల్లో మేళానికి ఇచ్చిన సొమ్ము పండుగ ఖర్చు కింద పడుతుంది. బెల్టు, గ్రీజు, ఎలక్ట్రీషియన్ కూలి నెలవారీ ఖర్చు కింద.