రేకు వలదటన్న లేదు బంగారమ్ము: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలము

మట్టి నెఱిగి కొనుము మంచి యంత్రము నీవు
పాత నాణెమునకుఁ బసిడి కొకటి
రేకు వలదటన్న లేదు బంగారమ్ము
గుంత పూడ్చి కదలు గుణము వలయు

అవతారిక

నేలలో బంగారపు ముక్కలో, పాత నాణేలో వెతకాలని బుద్ధి పుట్టినవాడు పొలానికి వెళ్లబోయే ముందు దుకాణానికి వెళ్తాడు. అక్కడ గోడ పొడవునా మెటల్ డిటెక్టర్లు వేలాడుతుంటాయి. “వీటిలో ఏది మంచిది?” అని అడిగితే, “మీ బడ్జెట్ ఎంత?” అని జవాబు వస్తుంది. జిజ్ఞాసువు అడిగింది వస్తువు గుణం, ఎదుటివాడు అడిగింది పర్సు లోతు. ఈ అన్యాయం చూడలేక కవి శాస్త్రమంతటినీ నాలుగు పాదాల్లో కుదించాడు. పద్యానికి మకుటం లేదు. ఏ కంపెనీనీ సంబోధించడం ఇష్టం లేకనే కవి దాన్ని వదిలేశాడని మా ఊహ.

ప్రతిపదార్థము

నీవు = డబ్బు కట్టబోయే నీవే (అమ్మేవాడు కాదు, వీడియో చూసి సలహా ఇచ్చే బావమరిదీ కాదు); మట్టిన్ = వెతకబోయే చోటి నేలను; ఎఱిగి = ముందుగా తెలుసుకొని; పాత నాణెమునకున్ = ఎవరి జేబులోంచో జారి శతాబ్దాలుగా పడివున్న నాణేనికి; పసిడికిన్ = ఎవరి జేబులోకీ ఇంకా చేరని బంగారానికి; ఒకటి = (దీనిపై వివాదం ఉంది; కింద చూడండి); మంచి యంత్రము = పలకాల్సినప్పుడు పలికి, మిగతా వేళ నోరుమూసుకునే డిటెక్టరును; కొనుము = కొనుక్కో; రేకు = సిగరెట్ పెట్టెలో, చాక్లెట్ మీద ఉండే అల్యూమినియం పొర; వలదు + అటన్నన్ = అక్కర్లేదని యంత్రాన్ని ఆజ్ఞాపిస్తే; బంగారమ్ము లేదు = బంగారమూ దక్కదు; గుంతన్ = తవ్విన గోతిని; పూడ్చి = మళ్లీ మట్టి కప్పి; కదలు = ముందుకు సాగే; గుణము వలయు = బుద్ధి ఉండాలి.

విశేషములు

మట్టి నెఱిగి: యంత్రం గురించి చెప్పబోతూ కవి మట్టితో మొదలుపెట్టాడు. ఎందుకంటే యంత్రం ముందు మాట్లాడేది మట్టితోనే. కాయిల్ నుంచి అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. కింద లోహం ఉంటే అందులో సుడి ప్రవాహాలు పుడతాయి, వాటి క్షేత్రం తిరిగొచ్చి కాయిల్‌ను తాకుతుంది, చెవిలో కూత వినిపిస్తుంది. చిక్కేమిటంటే, ఇనుము కలిసిన నేల కూడా పిలవకుండానే పలుకుతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బాలరాట్, బెండిగో, డనోలీ ఊళ్ల చుట్టూ 1851 నుంచీ జనం బంగారం తవ్వుతున్నారు. అక్కడి ఎర్రమట్టీ ఇనుపరాళ్లూ చేసే రొదలో మామూలు యంత్రానికి చిన్న పసిడి ముక్క గొంతు వినపడదు. నేల పలుకును లెక్కలోంచి తీసేసే గ్రౌండ్ బ్యాలెన్స్ ఏర్పాటు సరిగా ఉందా లేదా అన్నది అక్కడ మొదటి ప్రశ్న. తెర ఎంత రంగులమయమన్నది చివరి ప్రశ్న.

పరిసరం తెలియకపోతే ఏమవుతుందో చరిత్రలో ఒక దృష్టాంతం ఉంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో చిక్కుకున్న తూటాను వెతకడానికి, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే పట్టుకెళ్లాడు. కూత వచ్చింది కానీ తూటా దొరకలేదు. రోగి పరుపు కింద ఉక్కు తీగల పరుపు మరొకటి ఉందని ఆయనకు తర్వాత తెలిసింది. పైగా వైద్యుడు కుడి పక్కనే వెతకనిచ్చాడు, తూటా ఎడమ పక్కన ఉంది. యంత్రంలో దోషం లేదు, క్షేత్రజ్ఞానంలో ఉంది.

మంచి: ‘పెద్ద’ అనలేదు, ‘ఖరీదైన’ అనలేదు. పెద్ద కాయిల్ లోతుకు పోతుంది గానీ చిన్న ముక్కలను దాటిపోతుంది. చిన్న కాయిల్ లోతుకు పోదు గానీ మేకుల మధ్య ఇరుక్కున్న నాణేన్ని విడిగా పలికిస్తుంది. అందుచేత ఇక్కడ ‘మంచి’ అంటే ‘ఆ చోటికి తగిన’ అని గ్రహించాలి.

నాణెమునకుఁ బసిడి కొకటి: ఇక్కడ రెండు మతాలున్నాయి. గడప మీది దీపం ఇంట్లోకీ వాకిట్లోకీ వెలుగిచ్చినట్టు చివరి ‘ఒకటి’ రెండు వైపులా అన్వయిస్తుందనీ, నాణేనికొకటి పసిడికొకటి వెరసి రెండు యంత్రాలు కొనాలనీ మొదటి మతం. ‘ఒకటి’ అంటే ఒక్కటేననీ, రెంటికీ కలిపి ఒకే యంత్రమనీ రెండో మతం. మొదటిది అమ్మేవాడికి ప్రియం, రెండోది కొనేవాడికి ప్రియం. ప్రియాలను బట్టి కాక భౌతికశాస్త్రాన్ని బట్టి తేల్చాలి.

వెండి, రాగి నాణేలు మంచి వాహకాలు. వాటికి 5 నుంచి 15 కిలోహెర్ట్జ్ దాకా తక్కువ పౌనఃపున్యం చాలు, లోతూ దక్కుతుంది. బియ్యపు గింజంత బంగారం మాత్రం ఆ పిలుపుకు సరిగ్గా పలకదు. అందుకే చిన్న పసిడి కోసం చేసిన యంత్రాలు ఎత్తు శ్రుతిలో పనిచేస్తాయి: మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 యంత్రానిది 45 కిలోహెర్ట్జ్, ఫిషర్ గోల్డ్ బగ్ 2 యంత్రానిది 71. ఇనుము మరీ ఎక్కువున్న నేలకు పల్స్ ఇండక్షన్ అనే మరో జాతి ఉంది. అది క్షేత్రాన్ని ఒక దెబ్బలా కొట్టి ఆపేసి, ఆ తర్వాతి నిశ్శబ్దంలో లోహం నుంచి ఆరిపోతున్న స్పందనను వింటుంది. నేల రొద దాన్ని అంతగా బాధించదు, లోతూ ఎక్కువే. కాకపోతే మేకుకూ బంగారానికీ తేడా చెప్పడంలో బలహీనం. ఒకేసారి అనేక పౌనఃపున్యాలు వాడే ఈక్వినాక్స్ 800 లాంటివి మధ్యేమార్గం. నాణేలకూ ఉప్పు తడిసిన సముద్రతీరానికీ అవి ఉత్తమం, పసిడి నేలలకు మధ్యమం. కనుక మా సిద్ధాంతం: నీ కాళ్లు ఎక్కువగా తిరిగే నేల ఏదో దానికి ఒకటి కొను. రెండో నేల పిలిచినప్పుడు రెండోదాని సంగతి ఆలోచించవచ్చు.

“పెద్ద ముద్ద దొరికితేనో?” అని ఆశాపరుడి ప్రశ్న. 1980లో విక్టోరియాలోని కింగోవర్ దగ్గర డిటెక్టరుతో వెతికినవాడికి 27 కిలోల ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ దొరికిన మాట నిజమే. అంత ముద్దకు ఏ యంత్రమైనా పలుకుతుంది. 1869లో మోలియాగల్‌లో బయటపడ్డ ‘వెల్కమ్ స్ట్రేంజర్’కు యంత్రమే అక్కర్లేకపోయింది. నేల పైపొరలోనే పనిముట్టుకు తగిలింది, డనోలీలో తక్కెడకు పట్టక దాగలి మీద పగలగొట్టి తూచారు. అలాంటివాటిని తలచుకుని యంత్రం ఎంచుకోవడం శాస్త్రసమ్మతం కాదు. ఎంచుకోవలసింది గ్రాము, అరగ్రాము ముక్కల కోసం.

రేకు వలదటన్న: పద్యానికి ప్రాణం ఈ పాదం. పూర్వపక్షం ఇది: “పనికిరానివాటిని వడగట్టే డిస్క్రిమినేషన్ మీట ఉండగా రేకును ఎందుకు భరించాలి?” సమాధానం: యంత్రానికి బంగారం అంటే ఏమిటో తెలియదు. ముక్క వాహకత, పరిమాణం, ఆకారం అన్నీ కలిసి తెర మీద ఒక అంకెగా తేలతాయి. చిన్న బంగారు ముక్క, అల్యూమినియం రేకు, కూల్‌డ్రింక్ డబ్బా మీది రింగు, చేతి ఉంగరం, ఇవన్నీ దాదాపు ఒకే అంకెల పేటలో కాపురం ఉంటాయి. డబ్బా రింగులను వెలివేస్తే పెళ్లి ఉంగరాలూ వెలి అవుతాయి. అందుకే పసిడి నేలల్లో అనుభవజ్ఞులు ఆ మీట జోలికి పోకుండా ప్రతి కూతనూ తవ్వుతారు. నాణేల వేటలో ఇనుమును వదిలేయడం కొంతవరకు క్షేమమే. అయినా ఇంగ్లండు పొలాల్లో సుత్తితో కొట్టి ముద్రించిన పూర్వకాలపు పలచటి వెండి నాణేలు చిన్న అంకెల దగ్గరే పలుకుతాయి. అక్కడ రేకును కసిరితే వెండి కూడా అలుగుతుంది.

ఇందులోని ధ్వని: యంత్రం ఎంచుకోవడమంటే ఎంత చెత్త తవ్వడానికి నీ నడుం ఒప్పుకుంటుందో నిర్ణయించుకోవడమే.

గుంత పూడ్చి: కొన్ని ప్రతుల్లో ‘గుంత తవ్వి కదలు’ అని పాఠాంతరం. ఛందస్సు సరిపోయినా గ్రాహ్యం కాదు. రైతులు పొలంలో అడుగు పెట్టనివ్వనివారి ప్రతుల్లోనే అది కనిపిస్తుంది. విక్టోరియాలో వెతకాలంటే పదేళ్లు చెల్లే ‘మైనర్స్ రైట్’ పత్రం తీసుకోవాలి, చేతి పనిముట్లే వాడాలి, గుంతలు పూడ్చాలి. ఇంగ్లండులో పొలం యజమాని అనుమతి కావాలి. 1996 నాటి చట్టం ప్రకారం నిధి అనదగినది దొరికితే 14 రోజుల్లో తెలియజేయాలి.

‘గుణము’నకు ఉదాహరణ ఎరిక్ లాస్. 1992లో సఫోక్ జిల్లా హోక్స్‌న్‌లో స్నేహితుడు పారేసుకున్న సుత్తి కోసం డిటెక్టరు తిప్పుతుంటే రోమన్ల నాటి నాణేలు బయటపడ్డాయి. ఆయన ఉన్నదంతా పెళ్లగించకుండా ఆగి కబురు పెట్టాడు. పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి తవ్వితే దాదాపు 15,000 నాణేలు తేలాయి. సుత్తి కూడా దొరికింది, అదీ బ్రిటిష్ మ్యూజియం చేరింది.

మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. నేలలో దాగిన పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. లంకెబిందెల కోసం అర్ధరాత్రి పాత గుళ్లను తవ్వేవారికి ఈ పాదం వర్తించదు. వాళ్లు పూడ్చడానికి కూడా ఆగరు.

తాత్పర్యము

ఓ కొనుగోలుదారుడా! ముందు నీ నేల ఎలాంటిదో తెలుసుకో. ఆ తర్వాత వెతికేది నాణెమా, పసిడా తేల్చుకుని దానికి తగిన పౌనఃపున్యం, తగిన కాయిల్ ఉన్న యంత్రం కొను. వడపోత మీటను నమ్మకు, తవ్విన చోటు చదును చెయ్యి, దొరికిన చెత్తను సంచిలో వేసుకుని వెంట తెచ్చుకో. సాయంత్రం ఆ సంచిలో ఒక్క రేకు ముక్క కూడా లేకపోతే యంత్రం తెలివైనదని మురిసిపోకు. బంగారాన్ని దాటుకుని వచ్చి ఉంటావు.